ట్రాక్టరు తిరగని మూల

పోయిన ఎండాకాలం కాదు, అంతకు ముందు ఎండాకాలంలో మాకు పాప పుట్టింది. పుట్టేటప్పటికే ప్రాణం లేదు. ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక పొద్దున నా భార్య కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చుని, కదలడం లేదంది. నేను పనిచేసే మందుల దుకాణం నిజామాబాద్ ఖలీల్‌వాడిలో ఉంది. చుట్టూ ఆసుపత్రులే. ఎక్కడికి వెళ్లాలో వెతుక్కునే పని లేకపోయింది. స్కానింగు చేసిన డాక్టరమ్మ తెరను మా వైపు తిప్పలేదు. ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి.

నా భార్య ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే పాపను మా ఊరికి తీసుకెళ్లాం. మా ఊరు బోధన్ దగ్గర. మాది మెథడిస్టు కుటుంబం. ఊరి చివర చర్చివాళ్ల సమాధుల జాగా ఉంది. గొయ్యి తవ్వడానికి మనిషిని పిలిచారు కానీ, బాపు, అంటే మా నాన్న, అతని చేతిలోంచి పార తీసుకుని తనే తవ్వాడు. పాస్టరుగారు చిన్న ప్రార్థన చేశారు. పేరు పెట్టలేదు కాబట్టి 'ఈ బిడ్డ' అన్నారు. నేను పక్కన నిలబడ్డాను. ఎండకు కాళ్లు కాలుతున్నాయి, మందం చెప్పులు వేసుకుని రావాల్సింది అనుకున్నట్టు గుర్తు. అంతకు మించి ఏమీ అనుకోలేదు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను. రాలేదు. బాపు కూడా ఏడవలేదు. పార కడిగి గోడకు ఆనించి, చేతులు తుడుచుకుని, "పా బిడ్డా" అని నాతో అన్నాడు.

ఆసుపత్రి నుంచి నా భార్యను కూడా మా ఊరికే తెచ్చాం. వాళ్ల అమ్మ మాక్లూర్‌లో పక్షవాతంతో మంచంలో ఉంది, కూతురిని చూసుకునే స్థితిలో లేదు. మా ఇంట్లో ఉండేది బాపు, అమ్మ, బాపును కన్న అవ్వ. అవ్వకు ఎనభై దాటాయి. కళ్లు సరిగా కనబడవు, చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి. బళ్లో పాఠాలు చెప్పే నా భార్య సెలవు పొడిగించుకుని వాళ్లతో ఉండిపోయింది. నేను నిజామాబాద్‌లో అద్దె గదికి, దుకాణానికి తిరిగి వచ్చాను. శనివారం సాయంత్రం ఊరికి పోవడం, సోమవారం పొద్దున్నే రావడం.

వచ్చినవాళ్లందరూ నాకు ఒకటే మాట చెప్పారు. "ఆమెను మంచిగ సూస్కో." చూసుకుంటానని చెప్పాను. దుకాణంలో పసిపిల్లల పాలడబ్బాలు, గ్రైప్‌వాటర్ అడిగితే చెయ్యి దానంతటదే అరలోకి పోయి తీసేది. ఇచ్చేవాణ్ణి. తినే వేళకు ఏదో ఒకటి తినేవాణ్ణి. ఒక శనివారం బస్సులో మా ఊరు దాటిపోయినా దిగలేదు. నిద్రపోలేదు, కళ్లు తెరిచే ఉన్నాను. బోధన్ బస్టాండు వచ్చాక కండక్టరు దిగమంటే దిగి, ఆటోలో వెనక్కి వచ్చాను. ఎందుకు ఆలస్యమైందని ఎవరూ అడగలేదు.

మాది చెరుకు రైతుల ఇల్లు. బోధన్‌లో ఫ్యాక్టరీ నడిచినన్ని రోజులు బాపు చెరుకు తోలాడు, మొదట ఎడ్లబండ్ల మీద, తర్వాత ట్రాక్టర్ల మీద. అది మూతపడ్డాక వరిలోకి మారాడు. ఎకరాల కొద్దీ పండించాడు కానీ మా ఇంట్లో ఎవరూ ఒక్క వంకాయ పండించిన పాపాన పోలేదు. ఊళ్లో కూడా దాదాపు అంతే. చుట్టూ పచ్చటి పొలాలు పెట్టుకుని వారం వారం బోధన్ అంగడికి వెళ్లి, తెలుగులో సగం మరాఠీ కలిపి మాట్లాడే ఆడవాళ్ల దగ్గర కూరగాయలు కొని సంచి నింపుకుని వచ్చేవాళ్లం. అమ్మకు ఆ అంగడి ప్రయాణం అంటే ప్రాణం. ఇందులో వింత ఉందని నాకెప్పుడూ తోచలేదు.

ఇంటి వెనక, బోరుకూ పొలానికీ మధ్య ముక్కోణంలా ఒక జాగా మిగిలి ఉంది. కరెంటు స్తంభం, దాని తీగ అడ్డం రావడంతో ట్రాక్టరు అక్కడ తిరగలేదు. ట్రాక్టరు తిరగదు కాబట్టి అది పొలం లెక్కలోకి రాదు. విరిగిన పైపులు, యూరియా సంచులు, పిచ్చిగడ్డి. పక్కనే ఒక వేపచెట్టు. ఇంట్లోకి పరామర్శకు వచ్చే ఆడవాళ్లు ఎక్కువైనప్పుడు నా భార్య లేచి వెళ్లి ఆ వేపచెట్టు కింద కూర్చునేది. అవ్వ కర్ర పొడుచుకుంటూ ఆమె వెనకే వెళ్లేది. ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదని అమ్మ చెప్పింది. ఒకరి పక్కన ఒకరు ఊరికే కూర్చునేవారట.

ఒకరోజు అవ్వ వంటింట్లో పోపుల డబ్బా తడుముకుని పిడికెడు మెంతులు తీసుకుపోయింది. నా భార్య చేతిలో పోసి, "సల్లు" అంది.

"ఏడ సల్లాలె అవ్వా?"

"నీ కాళ్లకాడనే సల్లు. మా తల్లిగారింటికాడ మెంతి, సుక్కకూర, శిక్కుడు అన్నీ ఉంటుండె. ఈ ఇంటికచ్చినంక సెరుకే సూసిన. ఇంకోటి సూడలే."

అమ్మ గుమ్మంలోంచి, "గింత ఎండల మెంతి మొలుస్తదా? మొలిసినా కోతులు ఉండనిస్తయా?" అంది. నా భార్య పుల్లతో నేల గీకి మెంతులు చల్లి, పైన మట్టి కప్పి, చెంబుతో నీళ్లు పోసింది. ఇవన్నీ తర్వాత ఆమె చెప్పగా తెలిసినవి. నేను ఆ శనివారం వెళ్లేటప్పటికి వేపచెట్టు నీడ అంచున, అరచెయ్యంత పచ్చటి మరక కనిపించింది. చూసి లోపలికి పోయాను.

ఆ పచ్చటి మరకను మా ఇంట్లో అందరికంటే ఎక్కువసేపు చూసింది బాపు. గడ్డిమందు కొట్టే పంపు వీపున వేసుకుని వచ్చినవాడు అక్కడే ఆగిపోయాడు.

"గిదెవరు వెట్టిన్రు?"

"నేనే మామా" అంది నా భార్య.

బాపు పంపు దింపి గొంతుకూర్చున్నాడు. మొలకల మీద అరచెయ్యి ఆన్చీ ఆన్చకుండా ఉంచి, "పోపుల డబ్బలయా?" అని అడిగాడు. ఆమె తలూపింది. ఆ రోజు పంపును అలాగే కొట్టంలో పెట్టేశాడు. మర్నాడు విరిగిన పైపులు, సంచులు తీసేశాడు. ఆ మర్నాడు పారతో ఆ మూలంతా తవ్వాడు. బోధన్ వెళ్లి విత్తనాల పొట్లాలు తెచ్చాడు. బెండ, గోకర, బీర, సొర, చిక్కుడు. వంకాయ నారు, టమాటా నారు తడిగుడ్డలో చుట్టుకుని వచ్చాడు. అరవై దాటిన రైతు, పొట్లం వెనక రాసింది కోడలితో చదివించుకుని, ఎన్ని వేళ్ల ఎడం పెట్టాలో నేల మీద వేళ్లు పరిచి చూసుకున్నాడట. అప్పటికి తొలకరి పడింది.

దుకాణంలో ఉండగా ఫోన్లు రావడం మొదలైంది. అంతకుముందు బాపు నాకు ఫోను చేస్తే పని ఉన్నట్టు లెక్క. ఇప్పుడు పని లేకుండా చేసేవాడు.

"నిన్న పొద్దుమూకంగ బెండకాయ నా చిటికెనేలంత ఉండె. ఇప్పుడు సూస్తే జానెడయ్యిందిరా!"

"ఆఁ."

"సెరుకు వెడితే ఏడాది దాంక దాని మొకం సూడకున్నా నడుస్తది. గిది గట్ల గాదు. పొద్దున్నొక తీరు, మాపటికొక తీరు. గంటగంటకు మారుతది."

"ఆఁ బాపు. గిరాకీ ఉన్నది, మళ్ల చేస్త."

గిరాకీ ఉండేది కాదు. ఫోను పెట్టేసి మాత్రల అరల్లో దుమ్ము తుడిచేవాణ్ణి.

మా పక్కింటాయన మస్కట్‌లో ఏళ్లకేళ్లు నీళ్ల ట్యాంకరు నడిపి, నడుం నొప్పితోను, షుగరుతోను తిరిగి వచ్చాడు. నలభై అయిదు ఉంటాయేమో. పని ఏమీ పెట్టుకోలేదు. పొద్దంతా అరుగు మీద ఫోను చూస్తూ కూర్చునేవాడు. బాపు ఆ మూలలో చేసే హడావుడి చూసి మొదట నవ్వడానికే వచ్చాడు. "పెద్దనాయినా, గీ నాలుగు బెండకాయలకు గింత కష్టమా? అంగట్ల కుప్పలు కుప్పలున్నయి" అన్నాడు. బాపు మిరప నారు కొంచెం అతని చేతిలో పెట్టాడు. వద్దంటే మర్యాదగా ఉండదని తీసుకుని, గోడవారగా నాటాడు. పూత వచ్చిన రోజు పొద్దున్నే మా గోడ మీంచి తొంగిచూసి బాపును కేకేశాడు. పిందె వచ్చిన రోజు అమ్మను కూడా కేకేశాడు.

ఒక ఆదివారం నాతో అన్నాడు. "తమ్మీ, అక్కడ ఇసుకల ఏడన్న ఒక చెట్టు గనవడితే ఆగి ఫోటో దీస్కుంటుంటిమి. ఇంటికి వంపుతుంటిమి, గీడ చెట్టున్నది సూడుండ్రని. మన దగ్గర గింత మన్నున్నది. ఒక్క మొక్క వెట్టలే నేను. సోంచాయించలే, గా ఆలోచనే రాలే."

నేను తలూపాను. ఆయన ఇంకా ఏదో అంటానని చూశాడు.

అమ్మ మాత్రం ఆ మూలకు దాసోహం అనలేదు. తెచ్చి పడేసిన బెండకాయలు కోసి కూర చేసేది, అంతే. "అంగడి బందయ్యింది నాకు" అని గొణిగేది. కూరగాయలు ఇంట్లోనే కాస్తుంటే బోధన్ పోవడానికి వంక లేకుండా పోయింది. చివరికి ఉల్లిగడ్డల పేరు చెప్పి వెళ్లడం మొదలుపెట్టింది.

వానాకాలం నడుమ ఒక శనివారం బస్సు దిగి ఇంటికి వస్తుంటే, ఇంటి వెనకనుంచి నవ్వులు వినిపించాయి. బాపు గొంతు, అవ్వ గొంతు, వాటి మీంచి నా భార్య గొంతు. ఆమె నవ్వు విని చాలా రోజులైంది. గోడ పక్కన ఆగి చూశాను. ఒక వంకాయ వంకరగా, మధ్యలో బొడిపెతో కాసింది. అవ్వ దాన్ని వేళ్లతో తడిమి, "గిది మీ తాత ముక్కే" అంటోంది. "గట్లనే ఉంటుండె, సచ్చేదాంక. రాత్రంత గుర్రు వెట్టేటోడు." నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. బాపు నేల మీద కూలబడి నవ్వుతున్నాడు. గొయ్యి తవ్విన మనిషి, గొయ్యిలోకి పాప పెట్టెను దించిన మనిషి.

వీళ్లకు అప్పుడే ఎట్లా నవ్వు వస్తోంది అని ఒక ఆలోచన వచ్చింది. కోపం రావలసిన ఆలోచన. కోపం కూడా రాలేదు. పక్కింట్లో రేడియో మోగుతుంటే విన్నట్టు విని, లోపలికి పోయి, చొక్కా కూడా విప్పకుండా మంచం మీద పడుకున్నాను.

కాసేపటికి నా భార్య ఆ వంకాయ పట్టుకుని వచ్చింది. "చూడు."

చూశాను. "బాగుంది" అన్నాను.

ఆమె పోలేదు. మంచం కోడు మీద చెయ్యి పెట్టి నిలబడింది. "నీకేం అనిపిస్తలేదా?"

"ఏం అనిపియ్యాలె?"

నా మాట కటువుగా ఉందేమో తెలియదు. ఆమె నొచ్చుకోలేదు. "నాకు గూడ అనిపియ్యలే" అంది. "మెంతి మొలిసిన రోజు అవ్వ ఎంతో సంబురపడ్డది. నాకేం అనిపియ్యలే. ఊకె నీళ్లు పోసిన. తెల్లారి మళ్ల పోసిన. పోస్తనే ఉన్న. ఇగో ఇయ్యాల నవ్వొచ్చింది."

వంకాయను కిటికీలో పెట్టి వెళ్లిపోయింది. చీకటి పడేదాకా నేను దానివైపే తిరిగి పడుకున్నాను. నిజంగానే ముక్కులా ఉంది.

కోతులు వచ్చింది చిక్కుడు కాపు మీదున్నప్పుడు. అమ్మ మొదటినుంచీ అంటూనే ఉంది. మా వైపు ఊళ్లలో పెరటి తోటలు లేకపోవడానికి సగం కారణం కోతులే. అవ్వ ఒక చేతిలో స్టీలు పళ్లెం, ఇంకో చేతిలో గరిటె పట్టుకుని వేపచెట్టు కింద కాపలా కూర్చునేది. చప్పుడు వినబడితే చాలు, పళ్లెం మోగించేది. సగంసార్లు అది గాలి చప్పుడే. ఆ ఆదివారం మేమంతా చర్చికి వెళ్లాం. అవ్వ కూడా వచ్చింది. ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి గుంపంతా ఆ మూలలో ఉంది.

పక్కింటాయన కర్ర పట్టుకుని అరుస్తున్నాడు. అవి తీరుబడిగా గోడెక్కి, ఇంటికప్పు మీంచి వెళ్లిపోయాయి. చిక్కుడు పందిరి మొత్తం కూలిపోయింది. సొరకాయలను ఒక్కో కాటు కొరికి పారేశాయి. టమాటా చెట్లు విరిచాయి. వంకాయలు కోసి తినను కూడా తినలేదు, కోసి విసిరేశాయి. చర్చికి కట్టుకున్న తెల్ల ధోవతితోనే బాపు గట్టు మీద కూర్చుండిపోయాడు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతుంటే మొదట నాకు అర్థం కాలేదు. బాపు ఏడుస్తున్నాడు.

"మామా" అని నా భార్య ఆయన పక్కన కూర్చుంది. "వేర్లు పీకలే మామా. సూడుండ్రి, వేర్లన్నీ ఉన్నయి."

బాపు తువ్వాలులోంచే అన్నాడు. "మన చేతుల ఏదీ నిలుస్తలేదు బిడ్డా."

అవ్వ పళ్లెం పట్టుకుని నిలబడిపోయింది. అమ్మ తలుపు దగ్గర ఉంది. పక్కింటాయన తల దించుకుని కర్రను చూసుకుంటున్నాడు. నా భార్య ఆయన పక్కన చాలాసేపు కూర్చుని, తర్వాత లేచి, చీర కుచ్చిళ్లు దోపుకుని, కింద పడ్డ చిక్కుడుకాయలు ఒక్కొక్కటే కొంగులోకి ఏరడం మొదలుపెట్టింది. అవ్వ కూడా వంగి చేతులతో నేల తడుముతూ ఏరింది. కొంగు నిండాక నా భార్య నా వైపు తిరిగింది.

"నిజామాబాద్‌ల వల దొరుకుతదా?"

"దొరుకుతది."

"తేవాలె."

పాప పోయిన తర్వాత ఆమె నన్ను ఒక పని అడగడం అదే మొదలు. సోమవారం మధ్యాహ్నం దుకాణం నుంచి బయటికి వచ్చి గంజ్ బజారు వైపు వెళ్లి, నాలుగైదు చోట్ల తిరిగి, గట్టిదే కావాలని దారాలు లాగి చూసి కొన్నాను. ఆకుపచ్చ నైలాను వల. పెద్ద చుట్ట. శనివారం బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఊరు రాగానే దిగాను.

మర్నాడు చర్చి అయ్యాక పక్కింటాయనా నేనూ గుంజలు పాతాం. ఆయన మస్కట్‌లో ట్యాంకరు పైపుకు వేసే ముడి ఒకటి నేర్పాడు. లాగిన కొద్దీ బిగుసుకునే ముడి. మొదట్లో నా వేళ్లకు పట్టుబడలేదు. తర్వాత పట్టుబడింది. సాయంత్రం దాకా ముడులు వేస్తూనే ఉన్నాను. దారం కోసుకుని వేళ్లు మండుతున్నాయి. బాపు వల అంచు మట్టిలో దాచి, రాళ్లు పెట్టాడు. ఎవరమూ పెద్దగా మాట్లాడుకోలేదు. "ఇటు గుంజు", "ఆఁ, సాలు", అంతే. ఆ పొద్దు అన్నం తింటూనే గోడకు ఆనుకుని నిద్రపోయాను. అమ్మ లేపబోతే బాపు వద్దన్నాడట.

వేర్లు ఉన్నాయన్న నా భార్య మాట నిజమైంది. చిక్కుడు మళ్లీ పాకింది. టమాటా పోయింది కానీ వంకాయ చిగురేసింది. సొరపాదు వల మీదికే ఎక్కి కాయడం మొదలుపెట్టింది. కోతులు మళ్లీ వచ్చాయి. వల బయట కూర్చుని లోపలికి చూసి వెళ్లిపోయాయి. అవ్వ వాటిని తిట్టిన తిట్లు పాస్టరుగారికి చెప్పగలిగినవి కావు.

ఆ ఏడు కోత పండుగకు మా ఇంటి నుంచి మొదటిసారి కూరగాయలు వెళ్లాయి. ఏటా ఆ రోజు రైతులు తమ పంటలో కొంత దేవుడి ముందు పెడతారు. తర్వాత వాటిని వేలం వేసి, వచ్చింది చర్చికి జమచేస్తారు. మేము ఎప్పుడూ వడ్ల బస్తా ఇచ్చేవాళ్లం. బస్తాను ఎవరూ తిరిగి చూడరు. ఈసారి బాపు పొద్దున్నే లేచి, ఉన్నవాటిలో పెద్ద సొరకాయ కోసి, తడిగుడ్డతో తుడిచి, పసిదాన్ని పట్టుకున్నట్టు రెండు చేతుల మీద మోసుకొచ్చాడు. నేను చూపు తిప్పుకున్నాను. నా భార్య తిప్పుకోలేదు.

వేలంలో పాస్టరుగారు ఆ సొరకాయ ఎత్తి పట్టుకుని ధర పాడమన్నారు. వెనక బెంచీల నుంచి ఎవరో పాడారు. దాని మీద ఇంకొకరు పెంచారు. ఇంతలో ముందు వరుసలోంచి అవ్వ గొంతు లేచింది. ఆమె ఇంకా పెంచింది.

"అవ్వా, అది మనదే" అని నా భార్య చెవిలో చెప్పింది.

"ఎరికే. మనదే గనుకనే పాడుతున్న. ఎవలికో ఎందుకియ్యాలె?"

చర్చి అంతా నవ్వింది. పాస్టరుగారు కూడా ఆపుకోలేకపోయారు. ఎవరూ అవ్వ మీద పాట పెంచలేదు. ఇంటినుంచి వెళ్లిన సొరకాయ ఇంటికే వచ్చింది. మధ్యాహ్నం అమ్మ దాన్ని శనగపప్పు వేసి వండింది. పక్కింటాయన తన మిరపకాయలు తెచ్చాడు. అప్పటికే ఆయన ఊరంతా మిరపకాయలు పంచుతున్నాడు. సంచితో ఆయన కనబడితే కొందరు తలుపులు దగ్గరికి వేసుకునేవారు. నేను అన్నం తింటున్నాను. అందరూ సొరకాయ గురించే మాట్లాడుకుంటున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి అమ్మ, "ఇంకింత ఏస్కో" అంది. వేయించుకున్నాను. బాగుందో లేదో నన్ను ఎవరూ అడగలేదు. అడగనందుకు హాయిగా ఉంది.

క్రిస్మస్ ముందర నా భార్య నాతో నిజామాబాద్ వచ్చేసింది. మళ్లీ బడికి వెళ్తోంది. మళ్లీ పిల్లల మాట మేమింకా ఎత్తలేదు. డాక్టరమ్మ ఇబ్బందేమీ లేదంది. ఒకటి రెండుసార్లు ఆమె ఏదో చెప్పబోయి ఆగింది, నేనూ అడగబోయి ఆగాను. తొందర లేదని ఇద్దరికీ తెలుసు. బాపు వారానికోసారి బస్సులో సంచి పంపుతాడు, లేకపోతే తనే వస్తాడు. వచ్చినప్పుడు మా ఇంటిగలావిడతో, కింది వాటావాళ్ల కాలేజీ అమ్మాయితో మెట్ల మీద కూర్చుని విత్తనాల సంగతులు చెబుతాడు. ఆ అమ్మాయి హాస్టలు నుంచి వచ్చినప్పుడల్లా పాత బకెట్లో కొత్తిమీర వేస్తోంది. నాకు మాత్రం విత్తడం మీద అంత ఇష్టం కలగలేదు. ఊరికి వెళ్తే వల ముడులు చూసి, వదులైనవి బిగించి వస్తాను. అది నా పని అని అందరికీ తెలుసు.

ఈ చలికాలంలో బాపు ఆలుగడ్డ పెట్టాడు. మా వైపు ఎవరూ పెట్టగా చూడలేదు. అంగట్లో కొన్న గడ్డలనే మొలకలొచ్చే కళ్లు చూసి ముక్కలు కోసి నాటాడట. చలి తగ్గాక ఒక ఆదివారం మేము వెళ్లేసరికి ఆకులు పసుపు తిరిగి వాలిపోయి ఉన్నాయి. పంట పోయిందనుకున్నాను.

"పోలే. గిప్పుడే తయారైంది" అన్నాడు బాపు. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని తను వంగలేదు. "నువ్వు దియ్యి. పార వద్దు, తెగుతయి. సేతులతోని మెల్లగ."

నేను గొంతుకూర్చుని మొదటి మొక్క మొదట్లో వేళ్లు పెట్టాను. పైన మట్టి పొడిగా ఉంది, లోపల తడి. ఏమీ తగల్లేదు. ఇంకా లోపలికి పెట్టాను. గుండ్రంగా, చల్లగా ఏదో తగిలింది. చుట్టూ మట్టి తీసి బయటికి లాగితే ఆలుగడ్డ. చిన్నది, నిమ్మకాయంత. దాని వెనక ఇంకొకటి. చెయ్యి మోచేతి దాకా పోయింది. పిడికెడంతది ఒకటి వచ్చింది. దాన్ని చొక్కాకు తుడిచి చూశాను. పొర పల్చగా ఉంది, గోరు తగిలితే లేచిపోతోంది. ఏ మొక్క కింద ఎన్ని ఉన్నాయో పైనుంచి తెలియదు. ఒక మొక్క కింద ఏమీ లేవు. ఆ పక్కదాని కింద అడిగినన్ని ఉన్నాయి. లెక్క అందదు. పక్కదానికి జరిగాను, దాని పక్కదానికి జరిగాను. అవ్వ గట్టు మీద కూర్చుని, "ఎల్లిందా? ఎంతది? నా సేతికియ్యి" అని ఒక్కోదాన్నీ తడిమి బుట్టలో వేస్తోంది.

పొద్దు వాలింది. నా భార్య సంచి సర్దుకుని, చెప్పులు వేసుకుని వచ్చింది.

"బస్సు పోతది."

"ఒక్క మొక్క" అన్నాను, తలెత్తకుండా.

కాసేపయ్యాక మళ్లీ అంది. "ఒక్క మొక్క అన్నవ్."

"ఇగో ఇదే."

ఆమె మిగిలిన వరుస వైపు ఒకసారి చూసింది. సంచి వేపచెట్టుకు తగిలించింది. చెప్పులు విడిచి, చీర పైకి దోపుకుని, వరుసకు అటు చివర కూర్చుని మట్టిలో చేతులు పెట్టింది. బాపు లోపలికి కేకేశాడు, ఇద్దరికీ బియ్యం ఎక్కువ పొయ్యమని. ఆ రోజు మేము ఆఖరి బస్సు పట్టుకోలేదు.